‘ద మెయిడ్’: చూసింది చూసినట్టు చెప్పే సాక్షి

హోటల్ గదిలోకి వెళ్లిన పనమ్మాయికి మంచం మీద శవం కనిపిస్తుంది. ఇలా మొదలయ్యే డిటెక్టివ్ నవలలు లెక్కలేనన్ని ఉన్నాయి. నీటా ప్రోజ్ రాసిన ‘ద మెయిడ్’ వాటి మధ్య విడిగా నిలబడటానికి కారణం ఆ శవం కాదు, దాన్ని మనకు చూపించే అమ్మాయి. పేరు మోలీ గ్రే, వయసు 25. రీజెన్సీ గ్రాండ్ అనే ఐదు నక్షత్రాల హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. కథంతా ఉత్తమ పురుషలో తనే చెబుతుంది. ఎదుటివాళ్ల నవ్వులో స్నేహం ఉందో ఎగతాళి ఉందో మోలీకి తెలియదు. గదిలో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో, ఎక్కడ లేదో మాత్రం ఇట్టే పట్టేస్తుంది. తనను పెంచిన అమ్మమ్మ కొన్ని నెలల క్రితమే పోయింది. లోకం తీరును విడమరిచి చెప్పే మనిషి లేకుండాపోయిన ఆ సమయంలో, చార్లెస్ బ్లాక్ అనే కోటీశ్వరుడి శవం మోలీ కంటపడుతుంది. ఆమె మాటతీరు, ముఖంలో కదలిక లేకపోవడం చూసి పోలీసులు ఆమెనే అనుమానిస్తారు. అట్ట వెనక ఇంతవరకూ చెప్పేస్తారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. హంతకుడెవరో చెప్పను.

నవల 2022 జనవరిలో వచ్చింది. రచయిత్రి టొరంటోలో ప్రచురణ రంగంలో ఎడిటర్‌గా పనిచేసిన మనిషి. తొలి నవలకే ఆంథొనీ అవార్డు వచ్చింది, అమెరికాలో బెస్ట్ సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. దాదాపు 300 పేజీలు. కథ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో భాగంగా నడిచి, ఆ తర్వాత కొన్ని నెలలు ముందుకు దూకుతుంది.

ఇది కోజీ మిస్టరీ కోవలోది. అంటే హత్య ఉంటుంది కానీ నెత్తురు పేజీల మీద పారదు. ఒక ఊరో, ఒక హోటలో, ఒక బంగళానో ఉంటుంది. అక్కడ అందరికీ అందరూ తెలుసు. నేరం తేల్చేది పోలీసు కాదు, మామూలు మనిషి. చివరికి చెదిరిన లోకం మళ్లీ సర్దుకుంటుంది. ఇలాంటి కథకు మోలీ లాంటి కథకురాలు ఎందుకు ఇంత బాగా అతుకుతుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ పుస్తకం బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

డిటెక్టివ్ కథకు ఒక పాత ఒప్పందం ఉంది. ఆధారాలన్నీ పాఠకుడి కళ్లముందే ఉండాలి, కానీ వాటి అర్థం వెంటనే తెలియకూడదు. ఇందుకోసమే షెర్లాక్ హోమ్స్ కథల్లో కానన్ డాయిల్ వాట్సన్‌ను పెట్టాడు. వాట్సన్ అన్నీ చూస్తాడు, చూసినవాటిని కలిపేది మాత్రం హోమ్స్. మోలీ దగ్గర ఈ ఏర్పాటు ఒక్క మనిషిలోనే ఇమిడిపోయింది. ఆమె గదిలోకి అడుగుపెడితే దుప్పటి ముడత, బల్ల మీద మరక, తెరిచి ఉన్న తలుపు అన్నీ ఒకే బరువుతో వరసగా వచ్చేస్తాయి. మామూలు కథకుడైతే ముఖ్యమైన వస్తువు దగ్గర తెలియకుండానే ఒక్క క్షణం ఆగుతాడు, అనుభవమున్న పాఠకుడు అక్కడే పట్టేస్తాడు. మోలీ ఆగదు. మరకా ఆధారమూ ఆమెకు సమానమే, రెండూ తుడవాల్సినవే. అందువల్ల దాచాల్సిన ఆధారాన్ని పట్టపగలు వదిలేసే వీలు రచయిత్రికి దొరికింది. పైగా సాక్ష్యాన్ని తుడిచి మెరిపించడమే ఆమె ఉద్యోగం! ఈ ఒక్క ఆలోచనకే నవలకు సగం మార్కులు ఇవ్వాలి.

పోలీసుల విచారణ సన్నివేశాలను నెమ్మదిగా చదవండి. డిటెక్టివ్ స్టార్క్ అడిగిన ప్రశ్నకు మోలీ సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబిస్తుంది, అడగనిది చెప్పదు. ‘గదిలో ఏమైనా తేడాగా కనిపించిందా’ అనే తరహా ప్రశ్నకు చాలామంది ఊహలతో సహా వాగేస్తారు, మోలీ మాత్రం ‘తేడా’ అంటే ఏమిటో తన లెక్కలో తేల్చుకుని మాట్లాడుతుంది. ప్రతి ప్రశ్న పక్కనా జవాబును పెట్టి చూసుకుంటే, రెండింటి మధ్య మిగిలిపోయిన ఖాళీలు కనిపిస్తాయి. కథ కీలకం ఆ ఖాళీల్లో ఉంది.

మనుషుల్ని అంచనా వేయడంలో మాత్రం మోలీ కన్నా పాఠకుడు ఎప్పుడూ రెండడుగులు ముందుంటాడు. బార్‌లో పనిచేసే రోడ్నీ అంటే ఆమెకు ఇష్టం. అతను ఎలాంటివాడో మనకు రెండో సన్నివేశానికే తెలిసిపోతుంది. పాత్రలు కడిగే హువాన్ మాన్యుయెల్ ఏ ఇబ్బందిలో ఉన్నాడో కూడా మోలీకి తెలిసేలోపే మనం ఊహిస్తాం. మోలీ అమ్మమ్మతో కలిసి ‘కొలంబో’ చూసేదని నవలలో వస్తుంది. ఆ టీవీ సీరియల్లో హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు, ఎలా దొరుకుతాడన్నదే ఆసక్తి. ఇక్కడా ఉత్కంఠ చాలావరకు అలాంటిదే. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న కన్నా ‘ఈ అమ్మాయికి ఎప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుందా’ అన్న ఆరాటం మనల్ని లాక్కెళ్తుంది. చిక్కుముడి విప్పడమే కావాలనుకునేవాళ్లకు మధ్య భాగం చప్పగా అనిపిస్తుంది. మనిషి కోసం చదివేవాళ్లకు అదే భాగం పుస్తకం ప్రాణం.

ఇక లోపాలు. మోలీ అమాయకత్వం కథ అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. హోటల్లో గదులు సర్దేవాళ్లకు అతిథుల గుట్లు తెలిసినంతగా మేనేజర్లకు కూడా తెలియవు. అలాంటి చోట పనిచేస్తూ, రోజూ తను తుడుస్తున్న మరకలు దేనివో ఆమెకు ఒక్కసారి కూడా అనుమానం రాకపోవడం నమ్మశక్యంగా లేదు. మాటల వెనక భావం తెలియకపోవడం వేరు, లోకజ్ఞానం లేకపోవడం వేరు. మోలీ తీరు ఆటిజాన్ని (మెదడు వేరే పద్ధతిలో పనిచేస్తూ, ఎదుటివాళ్ల ముఖంలో, మాటల్లో భావం పట్టడం కష్టమయ్యే స్థితిని) గుర్తుచేస్తుంది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామంది తమ పని గురించి ఇతరుల కన్నా ఎక్కువే తెలుసుకుంటారు. నవల ఈ రెండింటినీ కలిపేసిన చోటల్లా మోలీ పాతికేళ్ల మనిషిలా కాకుండా చిన్నపిల్లలా కనిపిస్తుంది. చివరి భాగంలో కథకు తెలివి కావలసి వచ్చేసరికి ఆ అమాయకత్వం ఉన్నట్టుండి పలచబడుతుంది.

ఇంకొకటి, పాఠకులు ఎక్కువగా వాదులాడుకునేది. పుస్తకం ముగిసే ముందు మోలీ మన దగ్గర ఒక సంగతి దాచిందని తెలుస్తుంది. ఇది ఒప్పందాన్ని మీరడమేనా? నా లెక్కలో సగం మీరడమే. ‘మీ గుట్లన్నీ నాకు తెలుసు, నా గురించి మీకేం తెలుసు’ అన్న ధోరణిలో ఉండే ప్రవేశిక ఒక హెచ్చరికే, విచారణ సన్నివేశాల్లోని ఖాళీలు కూడా ఉన్నాయి. అయితే మూడు వందల పేజీలు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పిన గొంతు సరిగ్గా ఒక్కచోట మౌనం వహిస్తే అది మోలీ మౌనంలా అనిపించదు, వెనక రచయిత్రి చెయ్యి కనిపిస్తుంది. పుస్తకం అయ్యాక ప్రవేశికను మళ్లీ చదివి మీరే తేల్చుకోండి. నేనైతే ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ అర తగ్గింది ఈ చివరి మలుపు వల్లే, ఒకటి తగ్గింది అమాయకత్వం కొలత తప్పడం వల్ల.

మోలీకి ఆటిజం ఉందని నవల ఎక్కడా చెప్పదు. ఆ పేరు పెట్టకపోవడం తప్పించుకోవడమే అనేవాళ్లున్నారు. చికిత్స పత్రంలా కాకుండా మనిషిగా చూపించడానికి అదే దారి అనేవాళ్లూ ఉన్నారు. మార్క్ హాడన్ 2003లో రాసిన ‘ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్ టైమ్’ అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 15 ఏళ్ల క్రిస్టఫర్ ఇంగ్లండ్‌లోని స్విండన్ అనే ఊళ్లో పక్కింటి కుక్కను ఎవరు చంపారో కనిపెట్టాలని బయల్దేరతాడు. కథ లోపల ఏ రోగనిర్ధారణ పేరూ లేదు, అట్ట మీద మాత్రం ప్రచురణకర్తలు ఆస్పర్గర్స్ (ఆటిజం కోవకు చెందిన ఒక స్థితికి అప్పటి పేరు) అని వేశారు. అది ఆస్పర్గర్స్ గురించిన పుస్తకం కాదని హాడన్ తర్వాత చెప్పుకోవలసి వచ్చింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ ఆస్పర్గర్స్‌ను విడి నిర్ధారణగా తీసేసి ఆటిజం పరిధిలో కలిపేసింది కూడా. అట్ట మీది మాట పాతబడింది, క్రిస్టఫర్ మాత్రం పాతబడలేదు. ఈ కారణంగా పేరు పెట్టకపోవడాన్ని నేను లోపంగా లెక్కవేయలేదు.

హాడన్ పుస్తకం కోజీ కాదు, దాని లోపల ఉన్న ఇంటి బాధ చాలా కటువైనది. అయినా ఈ తరహా కథనం ఎలా పనిచేస్తుందో నేర్చుకోవడానికి అంతకు మించింది లేదు. అధ్యాయాలకు ప్రధాన సంఖ్యలే వేస్తాడు క్రిస్టఫర్, 2తో మొదలై 233తో ముగుస్తాయి. అతను తన దగ్గరున్నదేదీ మన దగ్గర దాచడు. తనకు అర్థంకాని సంభాషణను కూడా అక్షరం పొల్లుపోకుండా రాసిపెడతాడు. అతనికి తెలియనిది మనకు తెలియడం అక్కడ మనసును కోస్తుంది. ‘ద మెయిడ్’ చివర్లో లోటనిపించే నిజాయితీ ఇక్కడ పూర్తిగా ఉంది.

కోజీగానూ ఉండాలి, ఒప్పందమూ నిలబడాలి అనుకునేవాళ్లకు శివాన్ డౌడ్ రాసిన ‘ద లండన్ ఐ మిస్టరీ’ సరైన పుస్తకం. 2007లో వచ్చింది. పిల్లల పుస్తకమని పక్కన పెట్టవద్దు. థేమ్స్ నది ఒడ్డున జనం ఎక్కి తిరిగే ‘లండన్ ఐ’ అనే పెద్ద చక్రానికి 32 గాజు గదులుంటాయి, ఒక చుట్టు తిరగడానికి అరగంట పడుతుంది. టెడ్ అనే 12 ఏళ్ల అబ్బాయి, అక్క క్యాట్ కింద నిలబడి చూస్తుండగా వాళ్ల పెద్దమ్మ కొడుకు సలీం ఒక గదిలోకి ఎక్కుతాడు. అరగంటకు ఆ గది కిందికి వస్తుంది, సలీం దిగడు. తాళం వేసిన గది తరహా పజిల్‌ను నడి లండన్‌లో, పట్టపగలు, గాజు గదిలో పెట్టడం ఎంత సాహసమో చూడండి. తన మెదడు వేరే పద్ధతిలో పనిచేస్తుందని టెడ్ చెప్పుకుంటాడు. వాతావరణ శాస్త్రమంటే పిచ్చి. సాధ్యమైన సిద్ధాంతాలన్నీ జాబితాగా రాసి, మనిషి ఉన్నపళంగా కాలి బూడిదైపోవడం లాంటి అసంభవమైనవాటితో సహా, ఒక్కొక్కటీ కారణం చూపి కొట్టేస్తాడు. ‘ద మెయిడ్’తో దీనికున్న ముఖ్యమైన తేడా ఏమిటంటే, మోలీ తీరు ఆమెను చిక్కుల్లో పడేస్తుంది, టెడ్ తీరు చిక్కును విప్పుతుంది. మంత్రశక్తిలాంటి మేధావితనం ఎక్కడా లేదు, ఓపికగా కొట్టేసుకుంటూ పోవడమే. ఇదే ఈ కోవలో నేను మొదట చేతికిచ్చే పుస్తకం. డౌడ్ ఇది వచ్చిన ఏడాదే కన్నుమూశారు. ఆమె అనుకున్న తర్వాతి పుస్తకం పేరు మాత్రం మిగిలితే, దాని ఆధారంగా ‘ద గుగెన్‌హైమ్ మిస్టరీ’ని రాబిన్ స్టీవెన్స్ 2017లో రాశారు.

ఇంగ్లీషు నవలల అలవాటు పెద్దగా లేని తెలుగు పాఠకులకు ఈ కథకులు ఒక మేలు చేస్తారు. మోలీ మాటల్లో యాస, సగం విరిచిన వాక్యాలు దాదాపు ఉండవు. పద్ధతిగా, కాస్త పాతకాలపు మర్యాదతో పూర్తి వాక్యాల్లో మాట్లాడుతుంది. హాడన్ వాక్యాలు ఇంకా తేలిక. టెడ్ అయితే ఇంగ్లీషు జాతీయాలు తనకు వింతగా తోచినప్పుడల్లా ఆగి వివరిస్తాడు, మనకూ అర్థమైపోతాయి. ‘ద మెయిడ్’ ఆడియో పుస్తకం లారెన్ ఆంబ్రోస్ గొంతులో ఉంది. వినడం బాగానే ఉంటుంది, కానీ విచారణ ఘట్టాల్లో వెనక్కి తిప్పి చూసుకునే అవసరం పడుతుంది కాబట్టి మొదటిసారికి అచ్చు పుస్తకమే మేలు.

మోలీ కథలను వరసలోనే చదవాలి, ఎందుకంటే రెండోది మొదటి పుస్తకం ముగింపును దాచకుండా మాట్లాడుతుంది. ‘ద మిస్టరీ గెస్ట్’ 2023లో వచ్చింది. హోటల్ టీ గదిలో పేరున్న మిస్టరీ రచయిత ఒకాయన కుప్పకూలి చనిపోతాడు, దాంతోపాటు మోలీ బాల్యం బయటికొస్తుంది. పజిల్‌గా మొదటిదానికన్నా గట్టిది, ఇక్కడ మోలీ ఎదిగిన మనిషిలా కనిపిస్తుంది. 2024 నాటి ‘ద మిజిల్టో మిస్టరీ’ చిన్న క్రిస్మస్ కథ, హత్య కోసం వెతకొద్దు, వదిలేసినా నష్టం లేదు. 2025లో వచ్చిన ‘ద మెయిడ్స్ సీక్రెట్’ అమ్మమ్మ గతంలోకి వెళ్తుంది, ఆమె మీద ఇష్టం కలిగినవాళ్లు మాత్రం తప్పక చదవాలి. రచయితకే ఆటిజం ఉండి రాసినది కావాలంటే బ్రాండీ స్కిలాచే రాసిన ‘ద ఫ్రేమ్డ్ విమెన్ ఆఫ్ ఆర్డ్‌మోర్ హౌస్’ తీసుకోండి. యార్క్‌షైర్‌లో శిథిలమైన బంగళా, వారసత్వంగా దాన్ని పొందిన అమెరికన్ ఎడిటర్ జో జోన్స్. కథ ప్రథమ పురుషలో నడుస్తుంది కాబట్టి మోలీ గొంతులోని దగ్గరితనం దొరకదు, జో పెద్దమనిషిగా, తన పని తెలిసినదిగా మాత్రం మొదటి పేజీ నుంచీ నిలబడుతుంది.