షుగర్ తగ్గిస్తామనే పొడి వీడియో నమ్మకండి, మా అమ్మకి ప్రాణం మీదకొచ్చింది

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లందరికీ చెబుతున్నాను. 'మూడు నెలల్లో షుగర్ మాయం, ఇక మాత్రలతో పనిలేదు' అంటూ ఫేస్‌బుక్‌లో తెలుగు వీడియో ఒకటి తిరుగుతోంది. దయచేసి అందులో అమ్మే పొడి కొనకండి.

మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం. పర్లాకిమిడి కోడలిగా వచ్చి 40 ఏళ్లు దాటింది, ఒడియా బాగానే మాట్లాడుతుంది. కానీ ఒంట్లో బాధ తెలుగులో చెప్పుకుంటేనే ఆవిడకి తృప్తి. ఆసుపత్రిలో రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపేస్తారు. ఆ వీడియోలో తెల్లకోటు ఆయన 'అమ్మా, రాత్రిపూట అరికాళ్లు మండుతున్నాయా?' అని అడిగాడు. అమ్మకి నిజంగానే మండుతాయి. మాకెవరికీ చెప్పకుండా కొరియర్ అబ్బాయికి 2,490 రూపాయలిచ్చి డబ్బా తీసుకుంది.

ఇక రోజూ ఒకమ్మాయి ఫోన్. 'మీరు వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కిడ్నీలు పాడుచేస్తుంది, మానేయండి పెద్దమ్మా' అని. నీరసంగా ఉందంటే 'విషం బయటికి పోతోంది, మంచిదే' అందట. గొంతు ఎండిపోతున్నా, రాత్రి అయిదారుసార్లు లేస్తున్నా అమ్మ ఆ మాటే పట్టుకుంది. 22వ రోజు కళ్లు తిరిగి పడిపోయింది. షుగర్ 430. బరంపురం పెద్దాసుపత్రిలో అయిదు రోజులు సెలైన్లు, ఇన్సులిన్.

ఇంటికొచ్చాక దేవుడి పటాల వెనక మూడు మాత్రల అట్టలు దొరికాయి. ఒక్క మాత్రా తీయలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచెయ్యదని, కిడ్నీలు ముందే బాగా దెబ్బతిన్నవాళ్లకి మాత్రం మోతాదు తగ్గించడమో ఆపడమో చేస్తామని డాక్టరుగారు చెప్పారు. కిడ్నీలను తినేది అదుపు తప్పిన షుగరేనట.

డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబర్ ఒక్కటే ఉంది. చూడగానే ప్రభుత్వ ముద్ర అనిపిస్తుంది. కానీ అది తిండి పదార్థాలకిచ్చే లైసెన్సు, మందుకి కాదు. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబర్, బ్యాచ్ నంబర్ ఉండాలి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం.

డబ్బులు వెనక్కి అడిగితే నా నంబర్ బ్లాక్ చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇది కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే డబ్బా, కొరియర్ చీటీ పారేయకండి, ఫోన్ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీరూ ఫిర్యాదు పెట్టండి. మీ ఇంట్లో పెద్దవాళ్ల మాత్రల అట్టలు ఈ రాత్రే ఒకసారి లెక్కపెట్టి చూడండి.