థ్రాటిల్ సెన్సార్ పోయిందో లేదో తేల్చడానికి ఏది కొనాలి: పసుపు మీటరా, బ్లూటూత్ స్కానరా?

నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు పాత పికప్ ఉన్నవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఎక్సలేటర్ మీద కాలు పెట్టగానే బండి జర్క్ కొడుతుంది. ఐడ్లింగ్ నిలకడగా ఉండదు. టోల్ గేటు దగ్గర ఆగితే ఇంజన్ బంద్ పడుతుంది. లోడుతో చడావు ఎక్కేటప్పుడు పికప్ రాదు. "థ్రాటిల్ సెన్సార్ పోయింది, మార్చాలె" అనే మాట అక్కడికక్కడే వచ్చేస్తుంది. ఎక్సలేటర్ ఎంత తొక్కారో ఇంజన్ కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, వోల్టేజీ రూపంలో చెప్పేదే ఆ సెన్సార్. మార్చినాక కూడా జర్క్ అట్లనే ఉంటే ఆ డబ్బులు గంగలో పోసినట్టే, ఎందుకంటే ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగించాక వాపసు తీసుకునే దుకాణం దొరకడం కష్టం.

కాబట్టి కొనే ముందే పరీక్ష చేయాలి. దానికి పనికొచ్చే రెండు చౌక వస్తువులు ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా దొరుకుతాయి. ఒకటి డీటీ830డీ అనే పసుపు రంగు డిజిటల్ మల్టీమీటర్. రెండోది ఈఎల్ఎం327 పేరుతో అమ్మే బ్లూటూత్ స్కానర్, బండి పోర్టుకు తగిలిస్తే ఈసీయూ చెప్పేది ఫోన్ తెరమీద చూపిస్తుంది. రెండూ వందల్లోనే వస్తాయి. ఒక్కటే కొనగలిగితే మీటర్ కొనండి. దానికి 5లో 4 ఇవ్వొచ్చు. స్కానర్‌కు 5లో 2.5 కంటే ఎక్కువ ఇవ్వలేం, అదీ అసలు బండికి కనెక్ట్ అయితేనే.

అన్నిటికంటే ముందు మీ బండికి ఆ సెన్సార్ ఉందో లేదో చూసుకోండి. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్, అదే 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్, అలాంటి మెకానికల్ పంపు బండ్లలో ఎక్సలేటర్ కేబుల్ నేరుగా పంపు లివర్‌ను లాగుతుంది. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న కొన్ని పంపులకు లివర్ పక్కన చిన్న సెన్సార్ ఉంటుంది. ఆ లివర్ దగ్గర వైర్ల కప్లర్ (ప్లగ్ లాంటి జాయింట్) ఏదీ కనబడకపోతే థ్రాటిల్ సెన్సార్ గొడవే లేదు, డీజిల్ ఫిల్టర్, లైన్‌లో గాలి, కేబుల్ చూసుకోండి. కామన్ రైల్ (ఈసీయూ చెప్పినంత డీజిల్ కొట్టే రకం) డీజిల్ పికప్‌లలో ఆ పని చేసేది పెడల్ దగ్గరి సెన్సార్. దానికి సాధారణంగా ఆరు వైర్లు, లోపల రెండు ట్రాకులు. కేబుల్‌తో తిరిగే థ్రాటిల్ ఉన్న పాత పెట్రోల్, సీఎన్‌జీ బండ్లలో మాత్రం థ్రాటిల్ బాడీ పక్కన మూడు వైర్ల సెన్సార్ ఉంటుంది. మన దగ్గర ఈ మూడింటినీ "థ్రాటిల్ సెన్సార్" అనే అంటారు. దుకాణంలో తప్పు సామాను చేతికి రావడానికి సగం కారణం ఇదే.

ఇక మీటర్. డీటీ830డీలో తిప్పుడు స్విచ్‌ను డీసీ 20 వోల్టుల మీద పెడితే 0.01 వోల్టు తేడా కనబడుతుంది. ఈ పనికి అంతకంటే సూక్ష్మం అక్కర్లేదు. ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఆ రంధ్రానికి చాలా మీటర్లలో ఫ్యూజు ఉండదు. అక్కడ పెట్టి వోల్టేజీ చూడబోతే నేరుగా షార్ట్ చేసినట్టే, వైరింగో ఈసీయూనో ఖర్చు కిందికి వస్తుంది. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే ఈ మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది. పని మొదలుపెట్టే ముందు కొత్త పెన్సిల్ సెల్ ఒకటి కొలవండి, 1.5 నుంచి 1.6 మధ్య రావాలి. 1.8 అని చూపిస్తే ముందు మీటర్ బ్యాటరీ మార్చండి.

దానితో వచ్చే ప్రోబులు నాసిరకం, మొన మందంగా ఉంటుంది. కప్లర్ ముందు వైపు నుంచి గుచ్చితే లోపలి పిన్ను వెడల్పై, లేని రోగం పుట్టుకొస్తుంది. కప్లర్ బండికి బిగించే ఉంచి, వెనక వైపు రబ్బరు సీలు పక్క నుంచి వైరు వెంబడి గుండుసూది దూర్చి, ప్రోబును సూదికి ఆనించాలి. రెండు సూదులు ఒకదానికొకటి తగలకూడదు.

కీ ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. నల్ల ప్రోబును బ్యాటరీ నెగటివ్‌కు పట్టి మూడు వైర్లూ ఒక్కొక్కటే చూడండి. ఒకదాంట్లో 4.9 నుంచి 5.1 దాకా వస్తుంది, అది ఈసీయూ పంపే సరఫరా. ఒకదాంట్లో దాదాపు సున్నా, అది ఎర్త్. మిగిలింది సిగ్నల్. ఎర్త్ వైరును 2000 మిల్లీవోల్టుల రేంజ్‌లో మళ్లీ చూడండి. 50 లోపు ఉంటే బాగున్నట్టు. 100 దాటితే సెన్సార్‌ను తిట్టే ముందు ఎర్త్ బోల్టులు విప్పి గీకి బిగించాలి. వానాకాలం పొలం గట్ల మీద తిరిగి, ప్రెజర్ పంపుతో వాటర్ సర్వీసింగ్ చేయించుకున్న బండ్లలో ఇది మామూలుగా కనబడేదే.

సిగ్నల్ వైరులో, ఎక్సలేటర్ మీంచి కాలు తీసి ఉంచితే 0.4 నుంచి 0.9 వోల్టులు, పూర్తిగా తొక్కితే 4 నుంచి 4.7 దాకా రావడం చాలా బండ్లలో మామూలు లెక్క. అసలు పరీక్ష ఈ రెండు చివర్ల మధ్యలో ఉంది. ఒకరు పెడల్‌ను చాలా నెమ్మదిగా, కింది దాకా చేరడానికి పదిహేను ఇరవై సెకన్లు పట్టేంత నెమ్మదిగా నొక్కాలి. ఇంకొకరు మీటర్ మీదనే కన్ను పెట్టాలి. 0.52, 0.55, 0.61, 0.66 అని మెట్లు ఎక్కినట్టు పోవాలి. 0.61 తర్వాత ఉన్నట్టుండి 0.08కి పడి మళ్లీ 0.70 దగ్గర లేచిందంటే సెన్సార్ లోపలి కార్బన్ ట్రాక్ అక్కడ అరిగిపోయింది. ఎక్కువసార్లు ఈ తెగుడు మొదటి పావు భాగంలోనే దొరుకుతుంది. ఊళ్ల రోడ్ల మీద 30, 40 వేగంతో పోయే బండి ఎక్సలేటర్ రోజంతా ఆ కొంచెం మేరలోనే కదులుతుంది కాబట్టి, ట్రాక్ మీద జరిగే లోపలి పుల్ల ఆ చోటునే గీకి గీకి పెడుతుంది. కొంచెం తొక్కితే జర్క్, బాగా తొక్కితే మంచిగ ఉరుకుడు అనే లక్షణం ఇక్కడి నుంచే వస్తుంది.

ఈ మీటర్ లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. దాని అంకెలు సెకనుకు రెండు మూడు సార్లే మారతాయి. రెప్పపాటు తెగి అతుక్కునే ట్రాక్‌ను అది పట్టలేకపోవచ్చు. అనుమానం ఉన్న చోట పెడల్‌ను ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి కదుపుతూ చూడాలి. రేడియో మెకానిక్‌ల దగ్గర ఇంకా మిగిలి ఉన్న ముల్లు మీటర్ ఈ ఒక్క పనికి దీనికంటే మెరుగు. ట్రాక్ తెగిన చోట ముల్లు టక్కున ఎగరడం కంటికి తెలుస్తుంది. రేంజ్ తనే మార్చుకునే ఖరీదైన డిజిటల్ మీటర్ అయితే రేంజ్ లాక్ చేసుకోండి, లేకపోతే అంకె స్థిరపడేలోపు అసలు సంగతి జారిపోతుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అన్నీ సరిగ్గా వచ్చి, నడిపాక జర్క్ వస్తుంటే వేడిగా ఉన్నప్పుడు ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. ఎండాకాలం బండి మధ్యాహ్నం దాకా తిరిగి వచ్చాక చేస్తే చాలు, వేరే ఏర్పాటు అక్కర్లేదు. పెడల్ కదపకుండా వైరింగ్ గుత్తిని అటూ ఇటూ ఊపితే అంకె మారితే తప్పు వైరుది. రైస్ మిల్లుల దగ్గర, గోదాముల పక్కన రాత్రిళ్లు ఆగే బండ్లలో ఎలుకలు వైరు కొరకడం అరుదేం కాదు. కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడితే దాన్ని శుభ్రం చేసి మళ్లీ కొలవండి.

ఆరు వైర్ల పెడల్ సెన్సార్‌లో రెండు సిగ్నళ్లు ఉంటాయి. చాలా వాటిలో ఒకటి రెండోదానికి రెట్టింపు: ఒకటి 0.75 అంటే రెండోది 0.37 చుట్టూ, ఒకటి 3 అంటే రెండోది 1.5 చుట్టూ. ఈ నిష్పత్తి ఎక్కడైనా తప్పితే ఈసీయూ రెండింటినీ నమ్మదు, బండిని తక్కువ శక్తిలో పడేస్తుంది. హాల్ రకం (ట్రాక్ లేకుండా అయస్కాంతంతో పనిచేసే) పెడల్‌ను ఓమ్‌లలో కొలవడం వృథా, వోల్టేజీలోనే చూడాలి.

స్కానర్ విషయానికి వస్తే, కొనే ముందు ఒక పని చేయండి. డాష్‌బోర్డ్ కింద 16 రంధ్రాల పోర్టులో టార్చ్ వేసి చూడండి. 7వ రంధ్రంలో ఇత్తడి పిన్ను ఉంటే కె-లైన్, అంటే ఈసీయూతో మాట్లాడే పాత పద్ధతి; 6, 14లలో ఉంటే కాన్ అనే కొత్త పద్ధతి. మూడూ ఖాళీగా ఉంటే ఈ స్కానర్ మీకు పనికిరాదు. 16వ పిన్నులో మీటర్‌తో 12 వోల్టులు రాకపోతే ముందు ఫ్యూజు పోయిందేమో చూడండి. "వెర్షన్ 2.1" అని రాసి అమ్మే చౌక నకళ్లలో చాలావాటికి కొన్ని ఆదేశాలు తీసేసి ఉంటాయి, కె-లైన్ బండ్లకు అవి తరచుగా కనెక్ట్ కావు. "1.5" అని రాసి ఉన్నవీ నకళ్లే, కానీ వాటిలో పనిచేసేవి ఎక్కువ. పాత పికప్ కోసం కొంటే అదే అడగండి, వాపసు ఉన్న చోటే కొనండి. రాత్రంతా పోర్టులో వదిలేస్తే బ్యాటరీ తింటుంది, నాలుగు రోజులు ఆగి ఉండే బండికి సెల్ఫ్ తిరగదు.

కనెక్ట్ అయితే, ఈసీయూ గుర్తించి దాచిన తప్పు కోడ్‌ను అది చెబుతుంది, దాంతో రోగం మీద కొంత వెలుగు పడుతుంది. పీ0122 అంటే సిగ్నల్ మరీ తక్కువ: 5 వోల్టుల వైరు తెగినా, సిగ్నల్ ఎర్త్‌కు తగిలినా ఇదే. పీ0123 అంటే మరీ ఎక్కువ: ఎర్త్ వైరు తెగితే సిగ్నల్ 5 వైపు ఎగిరి కూర్చుంటుంది. పీ0121 అంటే అంకె ఇంజన్ నడకతో పొసగడం లేదు. పీ0124 వచ్చిపోయే తప్పు, వైరునూ కప్లర్‌నూ ముందుగా అనుమానించాలి. పీ2135, పీ2138 రెండు ట్రాకులు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు వచ్చేవి. వీటిలో ఏదీ "సెన్సార్ మార్చు" అని చెప్పడం లేదు, ఆ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని మాత్రమే చెబుతోంది.

స్కానర్‌ను గుడ్డిగా నమ్మినవాళ్లు మోసపోయే చోటు ఒకటుంది. కోడ్ పడ్డాక చాలా ఈసీయూలు సెన్సార్ మాట వినడం మానేసి సొంత అంకె వేసుకుంటాయి. తెరమీద 15 శాతం అని కదలకుండా కనబడేది సెన్సార్ చెప్పినది కాకపోవచ్చు. కోడ్ చెరిపి, కీ ఆఫ్ చేసి ఆన్ చేసి అప్పుడు చూడాలి. కాలు తీసి ఉంచినా సున్నా రాదు, 10 నుంచి 20 శాతం మధ్య ఉండడం మామూలే. కె-లైన్ బండిలో ఫోన్ తెరమీద నాలుగైదు కొలతలు ఒకేసారి పెట్టుకుంటే అంకెలు నత్తనడక నడుస్తాయి, థ్రాటిల్ ఒక్కటే ఉంచండి.

రెండు వస్తువులూ చేతిలో ఉంటే దొరికే లాభం ఇది: సెన్సార్ కప్లర్ దగ్గర మీటర్ 0.5 నుంచి 4.5 దాకా చక్కగా చూపిస్తూ, స్కానర్‌లో మాత్రం సున్నా వస్తే, సెన్సార్‌కూ ఈసీయూకూ మధ్య సిగ్నల్ వైరు తెగింది. 5 వోల్టుల వైరే పడిపోయి ఉంటే అదే సరఫరా మీద ఉన్న మ్యాప్ సెన్సార్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలిచేది), రైల్ ప్రెజర్ సెన్సార్ (డీజిల్ ఒత్తిడి కొలిచేది) లాంటివి ఒక్కొక్కటే కప్లర్ ఊడదీయండి. దేన్ని తీయగానే 5 తిరిగొస్తుందో దొంగ అదే.

కొత్త సెన్సార్ కొనబోతే మీటర్ జేబులో వేసుకొని పోండి. హైవే మీద వనస్థలిపురం ఆటోనగర్ దాకా పోయినా, జిల్లా కేంద్రంలోనే కొన్నా, మూడు పిన్నుల పొటెన్షియోమీటర్ రకం, అంటే కార్బన్ ట్రాక్ ఉన్నది అయితే గల్లా దగ్గరే కొలవొచ్చు. 20కె రేంజ్‌లో చివరి రెండు పిన్నుల మధ్య నిలకడైన అంకె రావాలి, సాధారణంగా 1 నుంచి 10 కిలో ఓమ్‌ల లోపు. సిగ్నల్ పిన్నుకూ ఒక చివరకూ మధ్య కొలుస్తూ షాఫ్ట్ తిప్పితే అంకె ఎక్కడా తెగకుండా మారాలి. డూప్లికేట్లలో కొత్తదానికే మధ్యలో తెగుడు దొరుకుతుంది. పాతదాన్ని పక్కన పెట్టి తిరిగే దిక్కు, షాఫ్ట్ గాడి, స్క్రూ రంధ్రాల దూరం సరిచూసుకోండి. కొలవనివ్వను అన్న దుకాణంలో కొనకండి.

బిగించేటప్పుడు షాఫ్ట్ గాడిలో కూర్చోబెట్టి కొంచెం తిప్పితేనే స్క్రూ రంధ్రాలు కలుస్తాయి, స్ప్రింగ్ బిగువు తగలాలి. బలవంతంగా నొక్కితే ప్లాస్టిక్ పగులుతుంది. స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉన్న రకమైతే మాన్యువల్‌లో ఉన్న అంకె వచ్చేదాకా మీటర్ చూస్తూ తిప్పి బిగించాలి, చాలావాటికి అది 0.5 చుట్టూ ఉంటుంది. థ్రాటిల్ స్టాప్ స్క్రూను మాత్రం ముట్టకండి. ఐడ్లింగ్ పెంచడానికి దాన్ని తిప్పిన బండిలో సెన్సార్ ఎంత మంచిదైనా కాలు తీసిన అంకె తప్పుగానే వస్తుంది. థ్రాటిల్ బాడీ మసి కడగాలంటే స్ప్రేను గుడ్డ మీద కొట్టి తుడవండి, సెన్సార్ వైపు నేరుగా కొడితే ఆ ద్రవం షాఫ్ట్ సందులోంచి కొత్త ట్రాక్ మీదికి దిగుతుంది.