డస్టర్ డీజిల్ టైమింగ్ బెల్ట్ పనికి నల్లగొండలో భాయ్ షెడ్డు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు. బోర్డు గిట్ల ఏమీ లేదు. పని మాత్రం బోర్డులున్న చాలా చోట్ల కంటే నయం. 5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద చెబుతా.

నాది 2014 రెనో డస్టర్ డీజిల్. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ తాగుతుంటే వేరే ఊళ్లో ఒక వర్క్‌షాపులో హెడ్డు, అంటే ఇంజిన్ పైభాగం, దించి, ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి) ఎక్కించారు. అప్పటి నుంచి తిప్పలు మొదలు. పొద్దున సెల్ఫ్ కొడితే ఓ పట్టాన అందుకోదు, అందుకున్నాక బండంతా వణుకు. హైవే ఎక్కితే లారీని దాటే దమ్ము లేదు, వెనక నల్లపొగ. అడిగితే "హెడ్డు పని చేసినంక గట్లనే ఉంటది, తిరిగితే సెట్ అయితది" అన్నారు. ఎట్లా సెట్ అవుతుంది? ఇదేమన్నా కొత్త చెప్పులా?

షెడ్డు మెకానిక్ భాయ్ స్కానర్ పెట్టి చూశాడు. క్యామ్‌కూ (వాల్వులు తెరిచే షాఫ్టు) క్రాంక్‌కూ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) లెక్క కుదరడం లేదని వచ్చింది. "అన్నా, ఇగ సెల్ఫ్ కొట్టకు. బెల్టు ఇంకో రెండు పళ్లు జారితే వాల్వులు పిస్టన్లకు తాకుతయ్" అన్నాడు. ఈ 1.5 డీజిల్ ఇంజిన్‌లో ఒకే టైమింగ్ బెల్టు క్యామ్‌నూ, డీజిల్ హైప్రెషర్ పంపునూ, వాటర్ పంపునూ తిప్పుతుంది. హెడ్డు దించాలంటే ఆ బెల్టు తియ్యక తప్పదు. తిరిగి వేసేటప్పుడు ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది కానీ ఇదిగో ఇట్లా ఏడుస్తుంది.

పని దగ్గర కూర్చుని చూశాను. డ్రైవర్ వైపు ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ తీసి, సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ఇంజిన్ మోశాడు, ఆ తర్వాతే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ విప్పాడు. క్రాంక్ బోల్టు విప్పేటప్పుడు బండి టాప్ గేర్‌లో వేసి పిలగాణ్ని బ్రేక్ తొక్కమన్నాడు. క్రాంక్, క్యామ్ సరైన చోట ఉన్నాయో లేదో చూడటానికి పెట్టే లాక్ పిన్ను పెట్టి విప్పితే సులువు కదా అంటే, ఆ పిన్ను ఉన్నది మార్కు చూపడానికి, బలం ఆపడానికి కాదు, విరిగితే ఇంజిన్‌లోనే ఉండిపోతుంది అన్నాడు. తర్వాత క్రాంక్‌ను చేత్తో తిప్పి పిన్ను దాకా తెచ్చి, క్యామ్ పుల్లీ మీద టార్చి కొట్టి నన్ను పిలిచాడు. పుల్లీ రంధ్రం వెనక హెడ్డు రంధ్రం పూర్తిగా కనపడాలి. నాకు కనపడింది సన్నటి నెలవంకంత. పిన్ను అంచుకు తగిలి ఆగిపోయింది. పాత బెల్టు మీద అంతకుముందు వాళ్లు వైట్‌నర్‌తో పెట్టుకున్న గీతలు ఇంకా కనపడుతూనే ఉన్నాయి. విప్పేటప్పుడు గీతలు గీసుకుని, మళ్లీ వాటికే కలిపి బిగించారన్నమాట. పిన్నులే పెట్టలేదు. అదీ పాత బెల్టే, దాని అంచున ఆయిల్ జిడ్డు.

కిట్టు నేనే హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించాను: బెల్టు, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్, వాటర్ పంపు, కొత్త క్రాంక్ బోల్టు. జిడ్డు ఎక్కడిదా అని చూస్తే క్యామ్ ఆయిల్ సీల్ కారుతోంది, అదీ మార్చాడు. సీల్ వదిలేసి కొత్త బెల్టు వేస్తే మళ్లీ అదే కథ. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే టెన్షనర్ ముట్టుకున్నాడు. దాని మీద చిన్న సూది ఉంటుంది, అది గుర్తు దగ్గరికి వచ్చేదాకా ఎల్ కీతో తిప్పి నట్టు బిగించాడు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. రెండు పిన్నులూ తీసేసి, పొడుగు పానాతో ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాడు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపాలట, బలవంతంగా తిప్పొద్దట. రెండు చుట్ల తర్వాత మళ్లీ పిన్నులు పెట్టాడు, ఈసారి వెన్నలో దిగినట్టు దిగాయి. కానీ సూది కొంచెం పక్కకు జరిగింది. టెన్షనర్ వదులు చేసి మళ్లీ బిగించి, మళ్లీ రెండు చుట్లు. నేనైతే అంతకే స్టార్ట్ చేయమనేవాణ్ని. సెల్ఫ్ కొట్టే ముందు రెండు పిన్నులూ నా చేతిలో పెట్టి "రెండూ ఉన్నయా?" అని అడిగాడు. ఒక్క కొట్టుకే అందుకుంది. మిర్యాలగూడ రోడ్డు మీద కాస్త దూరం తోలి చూశాం, పికప్ పాతలాగే ఉంది.

లేబర్ 3,500 తీసుకున్నాడు, కిట్టు ఖర్చు వేరే. బేరం ఆడలేదు.

ఇక లోపాలు. ఫోన్ ఎత్తడు. రేపంటే ఎల్లుండి, ఎల్లుండంటే ఆ తర్వాతి రోజు. కూర్చోడానికి పాత టైర్లే దిక్కు. జీఎస్టీ బిల్లు ఇవ్వడు, కంపెనీ పేరు మీద బండి ఉన్నవాళ్లకు ఇది ఇబ్బంది. విప్పిన పాత సామాను మాత్రం అడగకముందే డిక్కీలో పెడతాడు.

నిస్సాన్ టెరానో, సన్నీ డీజిల్, మహీంద్రా వెరిటో డీజిల్ వాళ్లకూ ఇదే కుటుంబం ఇంజిన్ కాబట్టి వెళ్లొచ్చు. స్విఫ్ట్, డిజైర్ 1.3 డీజిల్‌కు చెయిన్ ఉంటుంది, వాళ్లకు ఈ బెల్టు గొడవ లేదు. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది. వెళ్లేవాళ్లు బండి ముందురోజు సాయంత్రమే వదిలేస్తే పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద పని మొదలుపెడతాడు.