చర్చి గోడల మధ్య బ్లూస్, సినిమా ఆర్గాన్ మీద భక్తిగీతాలు: ఫ్యాట్స్ వాలర్ ఆర్గాన్ రికార్డుల సంకలనం

ఫ్యాట్స్ వాలర్ అనగానే జాజ్ అభిమానులకు గుర్తుకొచ్చేది పియానో. ఆయన ఆర్గాన్ మీద వాయించిన రికార్డులను మాత్రమే ఏరి కూర్చిన రెండు సీడీల సంకలనం ఒకటి ఈమధ్య తెప్పించుకుని మూడు వారాలుగా వింటున్నాను. సంగీతం గురించి ఫిర్యాదు చేయడానికి నాకేమీ దొరకలేదు. కూర్పు గురించి మాత్రం రెండు మాటలు చెప్పవలసి ఉంది, అవి చివర్లో చెబుతాను.

వాలర్ 1904లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి ఎడ్వర్డ్ బాప్టిస్టు బోధకుడు. ఆయన వీధుల్లో ప్రార్థనలు జరుపుతుంటే పిల్లవాడు పక్కన కూర్చుని కాళ్లతో తిత్తులు తొక్కే చిన్న రీడ్ ఆర్గాన్ వాయించేవాడు. మన పద్యనాటకాల హార్మోనియమూ ఆ వాద్యమూ ఒకే కుటుంబానివి. రెండింటిలోనూ పలికేది గాలికి అదిరే లోహపు రేకే. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ కుర్రవాడు న్యూయార్క్‌లో నల్లజాతివారి పేట అయిన హార్లెమ్‌లోని లింకన్ థియేటర్‌లో మూకీ చిత్రాలకు ఆర్గాన్ వాయించే ఉద్యోగంలో ఉన్నాడు. కొడుకు మతబోధకుడు కావాలని కోరుకున్న తండ్రికి జాజ్ అంటే సైతాను సంగీతం. ఆ ఇంట్లో చర్చికీ సినిమా హాలుకూ మధ్య దూరం ఎంతో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

మూకీలకు వాయించడమంటే కళ్లు తెర మీద, చేతులు మెట్ల మీద, కాళ్లు పెడల్స్ మీద పెట్టి, దృశ్యం మారిన క్షణంలోనే రాగమూ నడకా మార్చగలగడం. మన ఊళ్ల మూకీల రోజుల్లో తెర పక్కన కూర్చున్న హార్మోనియం, తబలా కళాకారులు చేసింది కూడా ఈ పనే. తర్వాత గొప్ప బృందనాయకుడైన కౌంట్ బేసీ ఆ రోజుల్లో లింకన్ థియేటర్‌కు వచ్చి వాలర్ వెనకే కూర్చునేవాడట. వాలర్ అతన్ని ముందు నేల మీద కూర్చోబెట్టి, తన పాదాలు ఎలా కదులుతున్నాయో చూడమని, పెడల్స్‌ను చేతులతో నొక్కించి, ఆ తర్వాతే పక్కన బల్ల మీద చోటిచ్చాడు. ఆర్గాన్ విద్య పాదాల దగ్గర మొదలవుతుందని ఇంతకంటే సూటిగా నేర్పిన గురువు ఇంకొకరుంటారా అనిపిస్తుంది.

మొదటి సీడీ విలువంతా న్యూజెర్సీలోని కామ్డెన్‌లో ఉంది. గ్రామఫోను రికార్డులు తీసే విక్టర్ కంపెనీ 1918లో అక్కడ ఒక బాప్టిస్టు చర్చి భవనాన్ని, అందులో ధ్వని బాగా పలుకుతుందని కొని, స్టూడియోగా మార్చుకుంది. 1925లో మైక్రోఫోన్‌తో విద్యుత్ రికార్డింగు వచ్చేదాకా ఆర్గాన్ మంద్రస్వరాలను, అంతవరకు శబ్దాన్ని పట్టడానికి వాడిన పాత కొమ్ముబూరలు పట్టుకోలేకపోయేవి. ఆ అడ్డు తొలగిన మరుసటి ఏడే, 1926 నవంబరు 17న, వాలర్ ఆ చర్చి భవనంలోని, ఎస్టీ కంపెనీ చేసిన ఆర్గాన్ ముందు కూర్చుని సెయింట్ లూయిస్ బ్లూస్, లెనాక్స్ అవెన్యూ బ్లూస్ వాయించాడు. బ్లూస్ అంటే నల్లజాతివారి దిగులు పాటలు, చర్చి బయటి సంగీతం. రెండవదానికి ఉన్న మరో పేరు చర్చి ఆర్గాన్ బ్లూస్. ఆ పేరులో చిలిపితనం ఎంత ఉందో నిజమూ అంతే ఉంది.

పైపు ఆర్గాన్ మీద, అంటే గాలితో పలికే గొట్టాలున్న ఈ పెద్ద ఆర్గాన్ మీద, జాజ్ వాయించడం ఎందుకు కష్టమో తెలిస్తే ఈ రికార్డులు మరింత రుచిస్తాయి. పియానో మెట్టును గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా తాకితే మెల్లగా పలుకుతుంది. ఆర్గాన్‌లో వేలి బలానికి ఆ ఫలితం ఉండదు, గొట్టాల గది తలుపులను కాలితో తెరిచి మూసి ధ్వనిని హెచ్చించాలి, తగ్గించాలి. దానికి తోడు మెట్టు నొక్కిన తర్వాత గొట్టం పలకడానికి రవ్వంత ఆలస్యమవుతుంది కనుక, లయ ప్రాణమైన సంగీతంలో వాయించేవాడు చెవిని నమ్మకుండా ముందుకు నడవాలి. వాలర్ లయ ఎక్కడా తూలదు. స్వరాలను పొడిపొడిగా తుంచి వదలడం వల్ల అంత బరువైన వాద్యం కూడా కాలికి గజ్జె కట్టినట్టు పలుకుతుంది. 1928లో అదే భవనంలో లూసియానా షుగర్ బేబ్స్ పేరుతో చేసిన నాలుగు రికార్డుల్లో తన గురుతుల్యుడు జేమ్స్ పి. జాన్సన్ పియానోతో, జాబో స్మిత్ కార్నెట్ అనే చిన్న ఇత్తడి బూరతో, గార్విన్ బుషెల్ బసూన్ అనే మంద్రస్వరపు ఊదువాద్యంతో కలిసి వాయించిన వాలర్ మరీ ఒద్దికగా వినిపిస్తాడు. నాకు ఈ సంకలనంలో అన్నిటికంటే నచ్చినవి అవే.

రెండవ సీడీ మనల్ని 1938 ఆగస్టులో లండన్‌కు, అబ్బీ రోడ్ స్టూడియోకు తీసుకువెళుతుంది. అక్కడి వాద్యం సినిమా హాళ్ల ఆర్గాన్లకు పేరుమోసిన కాంప్టన్ కంపెనీది. అప్పటికి టాకీలు వచ్చి హాళ్లలో వాయించే వేలమంది కొలువులు పోయి దాదాపు పదేళ్లయింది. ఆ ఆర్గాన్ మీద వాలర్ ఎంచుకున్నవి నల్లజాతివారి భక్తిగీతాలు: డీప్ రివర్, గో డౌన్ మోజెస్, స్వింగ్ లో స్వీట్ చారియట్. చర్చి భవనంలో బ్లూస్ వాయించినవాడే సినిమా ఆర్గాన్ మీద తండ్రి పక్కన కూర్చున్న రోజుల పాటల వైపు వెళ్లాడు. రెండు సీడీలను ఒకే రోజు వరుసగా వింటే ఈ తారుమారు చెవికే తెలుస్తుంది. డీప్ రివర్‌లో కాంప్టన్ సహజంగా పలికే వణుకును ఆయన బాగా అదుపులో పెట్టాడు. అలా పెట్టకపోయి ఉంటే పాట చప్పగా జారిపోయేది.

ఇక ఫిర్యాదులు. గరగర శబ్దాన్ని తొలగించాలన్న ఆత్రంలో సంకలనకర్తలు కామ్డెన్ రికార్డుల్లోని గది ప్రతిధ్వనిని కూడా కొంత తుడిచేశారు. ఆ భవనాన్ని కొన్నదే ఆ ప్రతిధ్వని కోసం కదా! చిన్న పుస్తకంలో తేదీలు ఉన్నాయి కానీ ఏ రికార్డులో ఏ ఆర్గానో రాయలేదు. ఆర్గానే విషయమైన సంకలనంలో ఇది క్షమించరాని లోటు. చిన్న స్పీకర్ల మీద పెడల్ స్వరాలు దాదాపు వినిపించవు, మంచి హెడ్‌ఫోన్లు తప్పనిసరి. కొత్తగా వినేవారు మొదటి సీడీని మొదటి నుంచి కాక షుగర్ బేబ్స్ రికార్డులతో ప్రారంభించి, తర్వాత 1926కు వెనక్కి వెళ్లడం మేలు. నేను ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి వాలర్ ఖాతాలోది కాదు.