ప్రోగ్రామర్ల చేతిలో ఉండవలసిన తత్త్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం

ప్రోగ్రాములు రాసేవారికి తత్త్వశాస్త్రం ఎందుకని అడిగేవారికి నేను ముందుగా చూపించేది స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ. 1995లో ఎడ్వర్డ్ జాల్టా సారథ్యంలో మొదలైన ఈ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వ్యాసాలను సవరిస్తూనే, పాత రూపాలను మూడు నెలలకొకసారి భద్రపరచే దాని పద్ధతి, వెర్షన్ కంట్రోల్‌కు అలవాటుపడిన మనకు ఎంతో నచ్చుతుంది.

మొదట టైప్ థియరీ (వస్తువులను రకాలుగా విభజించి, ఏది దేనితో కలవవచ్చో నిర్ణయించే సిద్ధాంతం) వ్యాసం చదవమంటాను. 1901లో తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ సమితుల సిద్ధాంతంలో కనుగొన్న వైరుధ్యాన్ని తొలగించే ప్రయత్నంలో పుట్టిన ఆలోచనే, 1940లో తర్కవేత్త అలోంజో చర్చ్ చేతిలో మరో రూపం దాల్చి, నేటి ప్రోగ్రామింగ్ భాషల టైప్ వ్యవస్థలకు ఒక పునాది అయిందని తెలిశాక, కంపైలర్ చూపే టైప్ ఎర్రర్ మీద విసుగు పోయి గౌరవం కలుగుతుంది.

నిత్యం అంతకన్నా ఎక్కువ పనికొచ్చేది భారతీయ ప్రమాణశాస్త్రంపై (సరైన జ్ఞానం ఎలా కలుగుతుందో చర్చించే శాస్త్రంపై) ఉన్న వ్యాసం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గానీ, నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదని, అందుకు తడి కట్టెలనే ఉపాధి (అదనపు షరతు) కావాలని నైయాయికులు, అంటే న్యాయ దర్శనాన్ని అనుసరించే తత్త్వవేత్తలు, వివరించారు. సర్వర్ మందగించిన ప్రతిసారీ డేటాబేస్‌నే తప్పుపట్టకుండా, ఆ రెంటి మధ్య మనం గమనించని ఉపాధి ఏదైనా ఉందేమోనని వెతకడమే డీబగ్గింగ్‌లో (నా అభిప్రాయంలో) అసలైన పని. ఇన్నాళ్లూ పరీక్షలు నెగ్గిన కోడ్ రేపు కూడా నెగ్గుతుందనే నమ్మకానికి ఆధారమేమిటో ఆలోచించాలంటే, తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ లేవనెత్తిన ఆగమన సమస్యపై (ఇప్పటివరకు చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని నమ్మడం సమంజసమేనా అన్న ప్రశ్నపై) వ్యాసం ఉంది.

వ్యాసాలు ఆంగ్లంలో, చాలా దీర్ఘంగా, కొన్నిచోట్ల తర్క సంకేతాలతో నిండి ఉంటాయి కనుక, పీఠిక చదివి కావలసిన విభాగానికి నేరుగా వెళ్లడం మంచిది.