టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రూటర్: సెట్టింగుల పేజీ ఎంతవరకు మన చేతికి వస్తుంది?

వైఫై రూటర్ కొనేటప్పుడు అందరమూ డబ్బా మీద రాసిన వేగాన్నీ, పైకి కనిపించే యాంటెనాల సంఖ్యనూ చూస్తాం. ఇంట్లో బిగించుకున్న తరువాత అది మన మాట వింటుందా లేదా అన్నది మాత్రం దాని సెట్టింగుల పేజీ మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఈ సమీక్షలో వేగం సంగతి క్లుప్తంగా ముగించి, లాగిన్ అయి సెట్టింగులు మార్చుకోవడం మామూలు గృహస్థులకు ఎంత సులువో, ఎక్కడ ఇబ్బందో వివరంగా చెప్పదలచుకున్నాను.

మేముండేది బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో. ఇక్కడ ఫైబర్ కనెక్షన్ తీసుకుంటే, బిగించడానికి వచ్చిన కుర్రాడు తానే వైఫైకి ఫ్లాట్ నంబరుతో పేరు పెట్టి, మన మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా ఇచ్చి వెళ్లిపోవడం పరిపాటి అయిపోయింది. మాకూ అలాగే జరిగింది. ఆ మొబైల్ నంబరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికే వేలాడదీసినట్టు. పాస్‌వర్డ్ మార్చుకుందామంటే, ఇంటర్నెట్ కంపెనీ బిగించిన ఆ ఫైబర్ డబ్బా అడ్మిన్ పాస్‌వర్డ్ (సెట్టింగుల పేజీ తెరిచే పాస్‌వర్డ్) తమ దగ్గరే ఉంటుందని, కస్టమర్లకు ఇవ్వరని కస్టమర్ కేర్ వారు చెప్పారు. సొంత రూటర్ కొనుక్కోవాలని నిర్ణయించుకున్నది అప్పుడే. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఆర్చర్ సీ6 రెండు మూడు వేల రూపాయల మధ్య దొరికింది.

ఇది రెండు రేడియో బ్యాండ్లలో వైఫై ఇస్తుంది. దీని సామర్థ్యం ఇలా ఉంటుంది: 2.4 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 867 మెగాబిట్లు. వెనుక కేబుళ్లు పెట్టే పోర్టులన్నీ గిగాబిట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్ల) పోర్టులే. అయితే ఇవి కాగితం మీది అంకెలు, ఫోన్‌లో ఎప్పుడూ ఇంత రాదు. వంద, రెండు వందల మెగాబిట్ల ప్లాన్ ఉన్న ఇంటికి ఇది చాలు.

ఇక అసలు విషయం. పేజీ తెరవడానికి బ్రౌజర్‌లో 192.168.0.1 అని గానీ, టీపీలింక్‌వైఫై డాట్ నెట్ అని గానీ రాయాలి. 192.168తో మొదలయ్యే చిరునామాలు ఇళ్లు, ఆఫీసుల లోపలి నెట్‌వర్క్‌ల కోసం ప్రత్యేకించి కేటాయించినవి కాబట్టి బయటి ఇంటర్నెట్‌లో ఎక్కడా ఉండవు. ఆ రూటర్‌కు కనెక్ట్ అయి ఉన్నప్పుడే తెరుచుకుంటాయి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్‌లో ఉంటే ఒక్కోసారి పేజీ రాకపోవడానికి కారణం ఇదే కాబట్టి, ముందు డేటా ఆపేసి ప్రయత్నించాలి. పై అంతస్తులో ఉండే అనంతపురం పెద్దాయనకు ఇదే రూటర్ పెట్టించినప్పుడు ఆయన ఫోన్ చేసి, "అమ్మాయీ, నువ్వు చెప్పిన నంబరు కొడితే ఏవేవో వెబ్‌సైట్ల జాబితా వస్తోంది, ఏది నొక్కమంటావు?" అని అడిగారు. "ఏదీ నొక్కకండి పెదనాన్నగారూ, అది వెతికే గడిలో కాదండీ, పైన అడ్రస్ గడిలో రాయాలి" అని చెప్పాను. ఆ జాబితాలో రూటర్ లాగిన్ పేరుతో కనిపించే సైట్లలో దేనిలోనూ పాస్‌వర్డ్ రాయకూడదు. ఒకటి అంకెకు బదులు ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం పడినా పేజీ రాదు.

పేరుతో తెరవడం కన్నా అంకెలతో తెరవడమే నాకు నచ్చుతుంది. ఇదే కంపెనీ పాత రూటర్ల మీద ముద్రించిన టీపీలింక్‌లాగిన్ డాట్ నెట్ అనే పేరు మీద కంపెనీకి హక్కు పోయిందని 2016లో బయటపడింది. పేర్లు చేతులు మారవచ్చు, లోపలి అంకెలకు ఆ ప్రమాదం లేదు.

మొదటిసారి తెరిచినప్పుడు ఈ పేజీ చేసే మొదటి పని నాకు బాగా నచ్చింది. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్ అనే పాత పద్ధతి ఇందులో లేదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని రెండు ఖాళీ గడులు చూపిస్తుంది, అవి నింపే వరకు ముందుకు పోనివ్వదు. ఇది చిన్న విషయం కాదు. 2016లో ప్రపంచాన్ని వణికించిన మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీలో పెట్టిన సుమారు 60 యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలను మాత్రమే వాడి లక్షల కెమెరాలనూ రూటర్లనూ వశం చేసుకుంది. బ్రిటన్‌లోనైతే అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు అమ్మడాన్ని 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టమే నిషేధించింది.

తరువాత వచ్చే క్విక్ సెటప్‌లో టైమ్ జోన్, ఇంటర్నెట్ కనెక్షన్ రకం, వైఫై పేరు, పాస్‌వర్డ్ వరుసగా అడుగుతుంది. ఇక్కడ చాలామంది ఆగిపోయేది కనెక్షన్ రకం దగ్గర. ఇంటర్నెట్ కంపెనీ మీకు పీపీపీవోఈ (లాగిన్ అయి ఇంటర్నెట్‌కు కలిసే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే అదే ఎంచుకోవాలి. లేకపోతే డైనమిక్ ఐపీ, అంటే లాగిన్ లేకుండా చిరునామా తనంతట తానే వచ్చే పద్ధతి. ఆ వివరాలను పాత డబ్బా తీయకముందే అడిగి కాగితం మీద రాసి పెట్టుకోవడం తప్పనిసరి, ఎందుకంటే రూటర్ వెనుక ఉన్న రీసెట్ గుంటలో పిన్ను పెట్టి నొక్కితే అన్నీ చెరిగిపోయి మళ్లీ మొదటికి వస్తాం. ఫైబర్ డబ్బా కూడా రూటర్‌గానే పనిచేస్తూ ఉంటే రెండు రూటర్లు ఒకదాని వెనుక ఒకటి ఉన్నట్టవుతుంది. అప్పుడు ఆర్చర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై పంచే పని మాత్రమే చేసేలా, పెట్టుకోవచ్చు. ఆ మోడ్‌లో పేజీ చిరునామా మారవచ్చు కాబట్టి పేరుతో తెరవడం అక్కడ మాత్రం సులువు.

రూటర్ అడుగున అంటించిన చీటీ మీద ఉండే వైఫై పాస్‌వర్డ్ ఎనిమిది అంకెలే. అంటే మొత్తం పది కోట్ల అవకాశాలు. నేటి కంప్యూటర్లకు అది పెద్ద సంఖ్య కాదు. అక్షరాలూ అంకెలూ కలిపి కనీసం పన్నెండు ఉండేలా మార్చండి. వైర్‌లెస్ విభాగంలో డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతకు వాడే కొత్త పద్ధతి, పాతది డబ్ల్యూపీఏ2) కనిపిస్తే, డబ్ల్యూపీఏ2తో కలిపి ఉన్న ఎంపికను పెట్టుకుంటే పాత ఫోన్లూ పనిచేస్తాయి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ రాయకుండానే పరికరాలను కలిపే సదుపాయం) పిన్ను మాత్రం ఆపేయండి. ఆ ఎనిమిది అంకెల పిన్‌ను రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కనుక పదకొండు వేల ప్రయత్నాల్లో కనిపెట్టవచ్చని 2011లోనే తేలింది.

నేను ఎక్కువగా వాడేది నెట్‌వర్క్ మ్యాప్. క్లయింట్స్ అన్న చోట నొక్కితే ప్రస్తుతం కనెక్ట్ అయి ఉన్న ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ పేర్లతో వరుసగా కనిపిస్తాయి. తెలియని పరికరం ఉంటే అక్కడే ఆపవచ్చు. పిల్లల ఫోన్లకు వేళలు పెట్టే పేరెంటల్ కంట్రోల్స్ కూడా పనికొచ్చేవే కానీ, తల్లిదండ్రులు ఒక సంగతి తెలుసుకోవాలి. రూటర్ ఫోన్‌ను గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్‌తో, అంటే ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరుతో. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్‌కు బదులు మారు నంబరు చూపిస్తున్నాయి. ఫోన్‌లోని వైఫై వివరాల్లో, అసలు మ్యాక్ చూపాలా మారు నంబరు చూపాలా అన్న మీట మారిస్తే రూటర్‌కు అది కొత్త ఫోన్‌గా కనిపిస్తుంది, మనం పెట్టిన వేళలు దానికి వర్తించవు. ఇది రూటర్ లోపం కాదు, కానీ రూటర్ ఒక్కదాన్నే నమ్ముకుని పిల్లలను అదుపు చేయలేం.

బంధువులు వస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తాను. వాళ్లకు ఇంటర్నెట్ అందుతుంది, మన ఇంటి లోపలి పరికరాలు మాత్రం కనిపించవు. స్నేహితులతో కలిసి ఫ్లాట్ పంచుకునే మన కుర్రాళ్లకు ఇది మరీ ఉపయోగం.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఒక గదిలో నిలబడి చూస్తే చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు డజన్ల కొద్దీ కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు (ఆ బ్యాండ్‌లోని చిన్న భాగాలు) 1, 6, 11 మూడే. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, ఈ మూడింటిలో రద్దీ తక్కువున్నది ఎంచుకుంటే వంటింట్లో కూడా వీడియో కాల్ తెగకుండా సాగింది. హాలులో టీవీకి 5 గిగాహెర్ట్జే మేలు, కానీ రెండు కాంక్రీటు గోడలు దాటితే అది బాగా బలహీనపడుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. ఒకేసారి ఒక్క పరికరం నుంచే లాగిన్ కావచ్చు; ఫోన్‌లో తెరిచి ఉంచి లాప్‌టాప్‌లో తెరిస్తే, కొనసాగించాలా అని అడిగి మొదటిదాన్ని బయటికి పంపేస్తుంది. భద్రత దృష్ట్యా ఇది సబబే. అడ్వాన్స్‌డ్ విభాగంలోని నాట్ ఫార్వర్డింగ్, ఐపీవీ6 వంటివి చూసి కొత్తవారు బెదరవచ్చు, వాటి జోలికి పోకపోయినా ఇల్లు నడుస్తుంది. ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే ముందు బ్యాకప్ ఫైలు దాచుకోవాలి. ఫైలు విడిగా డౌన్‌లోడ్ చేస్తే చీటీ మీద రాసిన హార్డ్‌వేర్ వెర్షన్‌కు సరిపోయేదే తీసుకోవాలి. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి ఇంటర్నెట్ నుంచి ఈ పేజీ తెరిచే సదుపాయం) మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది, అలాగే ఉంచండి.

ఇందులో వైఫై 6 అనే తరువాతి తరం వైఫై లేదు. గిగాబిట్ ప్లాన్ తీసుకున్నవారు, పది పదిహేను పరికరాలు ఒకేసారి వాడేవారు ఇంకొంత ఖర్చుపెట్టి వైఫై 6 ఉండే ఏఎక్స్ శ్రేణి రూటర్ చూసుకోవడం మంచిది. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉంటూ, తన వైఫైకి తానే యజమానిగా ఉండాలనుకునేవారికి మాత్రం ఆర్చర్ సీ6ను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను.