యూనిసెఫ్ 'స్కూల్ ఇన్ ఎ బాక్స్': మూత మెచ్చుకోవాలి, అక్షరాల చార్టు మార్చుకోవాలి

యుద్ధానికి ఊరు వదిలి వచ్చిన పిల్లలకు మొదటి 72 గంటల్లోనే చదువు మళ్లీ మొదలుకావాలన్న ఉద్దేశంతో యూనిసెఫ్ పంపించే అల్యూమినియం పెట్టె ఇది. ఒక టీచరు, 40 మంది పిల్లలు, దాదాపు 3 నెలలు: ఇదీ లెక్క. 1994లో రువాండా మారణహోమం తర్వాత యునెస్కో, యూనిసెఫ్ వాడిన టీచర్ ఎమర్జెన్సీ ప్యాకేజీ కూడా ఈ కోవదే.

ఎంత ఆలోచించి చేశారో తెలియాలంటే ముందు నోటుపుస్తకం తెరిచి చూడండి. మార్జిన్ గీత ఉండదు. అరబిక్ కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఎడమవైపు గీత కొట్టిన పుస్తకం యెమెన్ పిల్లవాడికి అడ్డమే తప్ప సాయం కాదు. ఆ ఒక్క గీత తీసేయడంతో ఒకే పుస్తకం యెమెన్‌కీ దక్షిణ సూడాన్‌కీ సరిపోతోంది.

ఇక పెట్టె మూతే నల్లబల్ల. పూయాల్సిన రంగు లోపలే ఉంటుంది. తొందరపడితే పాడయ్యేది కూడా ఇక్కడే. అల్యూమినియం నున్నగా ఉంటుంది, పైగా దారిపొడవునా జిడ్డు, దుమ్ము పట్టి ఉంటుంది. సబ్బునీళ్లతో కడిగి, తడి ఆరాక సాండ్‌పేపరుతో కాస్త గరుకు చేయాలి (సాండ్‌పేపరు విడిగా తెచ్చుకోండి). పల్చగా ఒక పూత, అది పూర్తిగా ఆరాక రెండోది. ఒకేసారి దట్టంగా పూస్తే పైపైన ఎండి అడుగున పచ్చిగా ఉండిపోతుంది, పెచ్చులుగా లేస్తుంది. ఆరింది కదా అని వెంటనే రాయకూడదు. సుద్దముక్కను పడుకోబెట్టి బల్లంతా రుద్ది, పొడిగుడ్డతో తుడవాలి. ఇది మానేస్తే మొదటిరోజు రాసిన అక్షరాల మరక ఎంత తుడిచినా పోదు. మూత చిన్నది కాబట్టి 40 మందిని వరసగా కూర్చోబెడితే వెనకవాళ్లకు ఏమీ కనపడదు. అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, అక్షరం అరచేయంత రాయాలి.

లెక్కలు నేర్పే చెక్క దిమ్మెలు, ముళ్లు తిప్పే చెక్క గడియారం బాగున్నాయి. సోలార్‌తోనూ, కీ ఇచ్చీ నడిపే రేడియో మాత్రం పాఠాలు ప్రసారమయ్యే చోటే పనికొస్తుంది.

అసలు లోటు చార్టుల్లో ఉంది. అక్షరాలు, అంకెలు, ఎక్కాలు, మొత్తం మూడు చార్టులు. అంకెలు, ఎక్కాలు ఎక్కడైనా నడుస్తాయి. అక్షరాల చార్టు పిల్లల భాషలో లేకపోతే గోడకు అలంకారమే. మన దగ్గర సాల్వా జుడుం (మావోయిస్టులపై ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దళం) రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి తరలివచ్చిన గొత్తికోయల పిల్లలకు ఇలాంటి కిట్టు సొంతంగా కట్టేవాళ్లు ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. 'ఏ' పక్కన 'ఏరు' అని రాసి వాగు బొమ్మ వేస్తే తెలుగు పిల్లలకు సరే. కోయలో ఏరు అంటే నీళ్లు. అక్కడ నీళ్ల బిందె బొమ్మ వేయాలి. ఇంట్లో వాడే మాటల్ని తల్లులను అడిగి, తెలుగు లిపిలో రాసి, బొమ్మలతో చార్టు కట్టుకుంటే ఒక్కరోజు పని. దాంతో పిల్లవాడు నోరు విప్పుతాడు.

రెండో చిక్కు సంఖ్య. శిబిరాల్లో 40 మందే వస్తారన్న హామీ ఉండదు. 80 మంది వస్తే ఒకే గదిలో ఇరికించకండి, పొద్దున 40, మధ్యాహ్నం 40 అని రెండు పూటలు నడపండి. గడియారం, దిమ్మెలు, పలకలు రెండు పూటలకూ సరిపోతాయి. నోటుపుస్తకాలు, పెన్సిళ్లు మాత్రం నెలన్నరకే అయిపోతాయి. వాడితే తరిగే సరుకుతో వేరే కిట్టు ఉంది. దాన్ని పెట్టె తెరిచిన రోజే అడగాలి. అయిపోయాక అడిగితే అది వచ్చేదాకా తరగతి వట్టి చేతులతో సాగాలి, పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేస్తారు.

పాఠ్యపుస్తకాలు ఉండవు, బోధన ఎక్కడికక్కడ తయారుచేసుకోవాలి. హైస్కూలు పిల్లలకు ఇది చాలదని ముందే ఒప్పుకోవడం మంచిది.

పెట్టె ఎక్కడ తెరుస్తున్నామన్నది వస్తువు నాణ్యతకన్నా ముఖ్యం. సాయుధులు మకాం వేసిన బడిలోగానీ, వాళ్ల క్యాంపు పక్కనగానీ వద్దు. అది దాడికి గురయ్యే చోటు. బడులను సైనిక అవసరాలకు వాడొద్దనే 2015లో సేఫ్ స్కూల్స్ డిక్లరేషన్ వచ్చింది. తాళంచెవులు రెండు ఉంచుకుని, ఒకటి టీచరుకు, ఒకటి ఊరివాళ్లలో నమ్మకస్తులకు ఇవ్వండి. టీచరు హఠాత్తుగా వెళ్లిపోవాల్సి వస్తే పెట్టె మూతపడకూడదు.

మొదటిరోజే ఒక నోటుపుస్తకం రిజిస్టరుకు పక్కన పెట్టండి. పేరు, ఇదివరకు చదివిన తరగతి, ఇంటి భాష, హాజరు. చినుకుకు తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టి పెట్టెలోనే దాచండి. తిరిగి సొంతూరి బడికి వెళ్లినప్పుడు ఆ కాగితం లేకపోతే, మూడో తరగతి పిల్లను మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెడతారు.